100 గ్రెయిన్ల తుపాకి మందు తూస్తే 70 ఎందుకు వచ్చింది?

పోయిన కార్తీకంలో బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిషెలో, అంటే శనక్కాయల తిరునాళ్లలో, తిరుగుతుండగా ఒహాయో నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. దొడ్డ బసవన్న గుడి ముందు ఆ గోలలో సగం మాటలు వినబడలేదు. వినబడినంత వరకు సంగతి ఇది. జనవరిలో అక్కడ మజిల్ లోడర్లతో జింకల వేటకు ప్రత్యేకంగా ఒక సీజను ఉంటుంది. మజిల్ లోడర్ అంటే తూటా వెనక నుంచి పెట్టేది కాదు, గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించే తుపాకి. పద్ధతి పాతది, తయారీ కొత్తది. మావాడు లైసెన్సులవీ చూసుకుని ఒకటి కొన్నాడు. గీతలున్న ఇత్తడి కొలపాత్రతో మందు 100 దాకా కొలిచాడు. అనుమానమొచ్చి ఎలక్ట్రానిక్ త్రాసు మీద పోస్తే 70 చూపించింది.

"అన్నా, ఏది అబద్ధం? ఇంకో 30 కలపమంటావా?"

"కలపొద్దు" అన్నాను. ఎందుకు వద్దో చెప్పేలోగా సిగ్నల్ పోయింది.

నాకు తుపాకి లేదు, కొనే ఆలోచనా లేదు. పాత ఆయుధాల చరిత్ర చదివే పిచ్చి మాత్రం ఉంది. అది తెలిసే వాడు నాకు చేశాడు. చెప్పాల్సిన జవాబు నిజానికి నా కళ్ల ముందే ఉంది. ఒకామె పచ్చి శనక్కాయలు సేరుతో కొలిచి పోస్తోంది, పక్కనే అదే సేరుతో వేయించినవి కొలుస్తోంది. రెండు సంచులూ రెండు చేతుల్లో పట్టుకుంటే పచ్చివాటి సంచి కిందికి లాగుతోంది. సేరు అదే, బరువు వేరు. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు.

గ్రెయిన్ అంటే గ్రాము కాదు

ముందు ఈ ముడి విప్పాలి. గ్రెయిన్ ఒక పాత ఇంగ్లిష్ తూకం. పేరు గింజ నుంచే వచ్చింది, బార్లీ గింజ బరువును ఆధారం చేసుకుని. మన కంసాలులు గురివింద గింజలతో బంగారం తూచినట్టే అనుకోండి. ఒక గ్రెయిన్ ఇప్పటి లెక్కలో 64.8 మిల్లీగ్రాములు. ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు, ఒక గ్రాముకు 15.43.

మనకు పరిచయం లేని లెక్క కూడా కాదిది. 1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. మన అమ్మమ్మల నాటి 11.66 గ్రాముల తులం అలా వచ్చిందే. (ఇప్పుడు నగల షాపులో 10 గ్రాములనే తులం అనేస్తున్నారు, అది వేరే గొడవ.) అంటే మావాడు పొయ్యాలనుకున్న 100 గ్రెయిన్లు, తూకంగా చూస్తే, పాత తులంలో సగం కంటే కాస్త ఎక్కువ. ఆరున్నర గ్రాములు.

త్రాసు మీద గ్రాముల బటన్, గ్రెయిన్ల బటన్ పక్కపక్కనే ఉంటాయి. 100 గ్రెయిన్లు అనుకుని 100 గ్రాములు చూస్తే అది 1543 గ్రెయిన్లు. అంత తేడా ఎవరికైనా కంటికి ఆనుతుంది, మందు కుప్పగా కనబడుతుంది. కంటికి ఆనని తేడాలతోనే ప్రమాదం.

ఇంకో చిన్న చిక్కు. డబ్బాల మీద ఎఫ్‌జి, ఎఫ్‌ఎఫ్‌జి, ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌జి అని ఉంటుంది. అది తూకం కాదు, పలుకు సైజు. ఎఫ్‌లు పెరిగే కొద్దీ పలుకు సన్నం. మన ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, చిరోటి రవ్వ తేడా లాంటిది. సన్న పలుకు తొందరగా మండుతుంది.

తూకం పేరు కొలపాత్రకు ఎలా అంటుకుంది

అసలు తికమక ఇక్కడే. ఇత్తడి కొలపాత్ర మీద 100 అని గీత ఉంటుంది, దాన్నీ గ్రెయిన్లు అనే అంటారు. కాని పాత్రకు బరువు తెలియదు, చోటు మాత్రమే తెలుసు. ఆ గీతకు అర్థం ఇది: "ఇక్కడి దాకా బ్లాక్ పౌడర్ పోస్తే, అది తూకానికి సుమారు 100 గ్రెయిన్లు ఉంటుంది." బ్లాక్ పౌడర్ అంటే సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాత తుపాకి మందు. (దాన్ని నల్లమందు అని తెలుగు చేద్దామనుకునేరు, నల్లమందు అంటే వేరే సరుకు.) ఆ గీతలు గీసినప్పుడు లోకంలో ఉన్న మందు అదొక్కటే. చోటుకు తూకం పేరు పెట్టినా ఎవరికీ ఇబ్బంది రాలేదు.

సేరుకు జరిగిందీ ఇదే. ఉత్తరాదిలో సేరంటే తూకం, 80 తులాలు. కన్నడ దేశంలో, మన సీమలో సేరంటే గింజలు పోసే పాత్ర. మా అనంతపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడ్డ ఇళ్లలో ఇప్పటికీ బియ్యం పావులతో కొలిచి ఎసట్లో పోస్తారు, కిలో లెక్కన కొంటారు. సేరు బియ్యం, సేరు బొరుగులు అంటే ఎవరమూ తికమకపడం. బొరుగులు తేలికని పుట్టినప్పటి నుంచి తెలుసు కాబట్టి. మావాడి దగ్గరున్నది బొరుగుల లాంటి మందు. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

పాతకాలం వాళ్లు కొలతతోనే ఎందుకు సరిపెట్టుకున్నారు

యుద్ధంలో త్రాసు పట్టుకుని ఎవరు కూర్చుంటారు? 16, 17 శతాబ్దాల్లో యూరప్ సిపాయిలు భుజాన వేసుకున్న పట్టీకి చిన్న చిన్న చెక్క సీసాలు వేలాడేవి. ఒక్కో సీసాలో ఒక్కో దెబ్బకు సరిపడా మందు. తరువాత కాగితపు పొట్లాలు వచ్చాయి, మందూ గుండూ కలిపి ముందే చుట్టినవి. వేటగాళ్లు జంతువు కొమ్ములో మందు నింపుకుని, చిన్న గరిటె లాంటి పాత్రతో కొలిచేవాళ్లు. ఫిరంగుల దగ్గర మాత్రం తూకం ఉండేది. అక్కడ మందు పౌండ్ల లెక్కన గుడ్డ సంచుల్లో కట్టేవాళ్లు, అదీ ఆయుధశాలలో తీరిగ్గా. తూకం కొట్టులో, కొలత మైదానంలో. పనిని బట్టి చోటు.

కొలత పనిచెయ్యడానికి ఇంకా గట్టి కారణం మందు స్వభావంలోనే ఉంది. బ్లాక్ పౌడర్ మండితే దాని బరువులో సగానికి పైగా గాలిగా మారదు. పొగలోని సన్నటి నుసిగా, గొట్టానికి అంటుకునే మసిగా మిగులుతుంది. నాటు తుపాకి పేలితే అంత తెల్లటి పొగ రావడం, నాలుగైదు దెబ్బలకే గొట్టం తుడవాల్సి రావడం అందుకే. ఇలాంటి మందులో ఒక గ్రెయిను అటూ ఇటూ అయితే గుండుకు పెద్దగా తెలియదు.

ముతక లెక్క ఒకటి చూద్దాం. 80 గ్రెయిన్లు పొయ్యాల్సిన చోట 81 పడింది. మందు పెరిగింది నూటికి 1.25. వేగం శక్తికి వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి, అదనపు మందంతా గుండుకే పనికొచ్చినా వేగం పెరిగేది నూటికి 0.6 మాత్రమే. సెకనుకు 450 మీటర్లు పోయే గుండు 453 మీటర్లు పోతుందన్న మాట. గొట్టంలో మసి ఎంత ఉంది, గుండు కింద పెట్టిన గుడ్డ ఎంత మందం, కడ్డీతో ఎంత గట్టిగా దట్టించాడు, ఇవన్నీ తెచ్చే తేడాల్లో ఆ 3 మీటర్లు కలిసిపోతాయి.

కొలపాత్ర వాడటానికి జాగ్రత్త కోణం కూడా ఉంది. కొమ్ములోంచో డబ్బాలోంచో నేరుగా గొట్టంలోకి మందు పొయ్యకూడదన్నది ఈ విద్యలో మొదటి కట్టుబాటు. ముందటి దెబ్బ తాలూకు నిప్పు రవ్వ గొట్టంలో మిగిలి ఉంటే, చేతిలో ఉన్న మొత్తం మందు అంటుకుంటుంది. విడి పాత్రలో ఒక దెబ్బకు సరిపడేదే ఉంటే నష్టం అంతటితో ఆగుతుంది. ఎంఎల్‌ఏఐసీ అనే మజిల్ లోడర్ల అంతర్జాతీయ సంఘం పోటీల్లోనైతే, ఒక్కో దెబ్బకు సరిపడా మందు విడివిడి గొట్టాల్లో ముందే సిద్ధం చేసుకుని రావాలి.

బదులు మందులు వచ్చాక మొదలైన గొడవ

బ్లాక్ పౌడర్ తొందరగా అంటుకుంటుంది. అమ్మడానికి, నిలవ చెయ్యడానికి అమెరికాలో కట్టుదిట్టాలు ఎక్కువ, అన్ని దుకాణాల్లోనూ దొరకదు. ఆ ఇబ్బంది తప్పించడానికి 1970ల్లో పైరోడెక్స్ అనే బదులు మందు వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లు తెలివైన పని చేశారు. జనం చేతుల్లో కొలపాత్రలు ఉన్నాయి, వాటి మీద గీతలు మారవు. అందుకని మందునే గీతకు సరిపోయేలా చేశారు. కొలపాత్రలో 100 గీత దాకా పైరోడెక్స్ పోస్తే, 100 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ చేసే పనే సుమారుగా చేస్తుంది. తూకం మాత్రం 71 దగ్గర తేలుతుంది.

డబ్బు లెక్కలో ఇది బాగా కనిపిస్తుంది. పౌండు బ్లాక్ పౌడర్ డబ్బా కొంటే 7000 గ్రెయిన్లు, 100 చొప్పున 70 దెబ్బలు. పౌండు పైరోడెక్స్ కొంటే 71 చొప్పున దాదాపు 98 దెబ్బలు. కొనేటప్పుడు తూకం, వాడేటప్పుడు కొలత. మన బియ్యం సంసారమే.

తరువాత వచ్చిన ట్రిపుల్ సెవెన్ ఇంకో మెలిక పెట్టింది. దాన్నీ కొలతతోనే వాడాలి, కాని అది జోరైన మందు. బ్లాక్ పౌడర్ వేగమే చాలనుకుంటే కొలతలో నూటికి 15 తగ్గించమని తయారీదారే చెబుతాడు. అంటే 100 గీతకు బదులు 85 గీత. ఇక్కడ "కొలతకు కొలత సమానం" అన్న సూత్రం కూడా చెల్లలేదు.

బ్లాక్‌హార్న్ 209 అని ఇంకొకటి. మావాడు కొన్నది ఇదే. దీనికి తయారీదారు రెండు లెక్కలూ పక్కపక్కనే ఇస్తాడు: 100 కొలత అంటే 70 తూకం. అంటే వాడి పాత్రా తప్పు కాదు, త్రాసూ తప్పు కాదు. రెండూ నిజమే చెప్పాయి. వాడు అడిగిన ప్రశ్నే తప్పు.

తప్పు ఎటువైపు పోతే ఏమవుతుంది

ఆ ఫోన్‌లో నేను ఊఁ అని ఉంటే ఏమయ్యేది? త్రాసు మీద 100 వచ్చేదాకా మందు పోసేవాడు. 70 తూకం అంటే 100 కొలత కాబట్టి, 100 తూకం అంటే దాదాపు 143 కొలత. బ్లాక్‌హార్న్‌కు తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు 120 కొలత, అంటే 84 తూకం. వాడు హద్దు దాటి చాలా దూరం పోయేవాడు. తుపాకి తట్టుకునేదేమో, తట్టుకోకపోయేదేమో. ముఖం పక్కన పెట్టుకునే వస్తువుతో అలాంటి పందెం ఎవరూ కాయరు.

తిరగేసి చూద్దాం. ఎవరో "నేను 70 వాడతాను" అన్నారు, ఆయన ఉద్దేశం తూకం. విన్నవాడు కొలపాత్రను 70 గీతకు పెట్టాడు. అప్పుడు పడేది 49 గ్రెయిన్ల తూకం. తుపాకికి ఏమీ కాదు, గుండు నీరసంగా పోయి గురికి కిందపడుతుంది. వేటలో అయితే జంతువు గాయపడి తప్పించుకుని పోతుంది, అది మంచి వేటగాడికి తలవంపు.

ఒకే తికమక, రెండు వైపులా ఒకే నష్టం కాదు. కొలత అంకెను తూకంగా తీసుకుంటే ప్రమాదం, తూకం అంకెను కొలతగా తీసుకుంటే వృథా. ఈ ఎగుడుదిగుడు బదులు మందుల్లోనే. అసలు బ్లాక్ పౌడర్‌లో రెండు అంకెలూ దాదాపు ఒకటే కాబట్టి ఎటు పొరబడినా పెద్దగా పోయేది లేదు.

తూచేవాళ్లు ఏమంటారు, కొలిచేవాళ్లు ఏమంటారు

పాతకాపులంతా కొలత పక్షమని, కుర్రవాళ్లంతా తూకం పక్షమని చాలామంది అనుకుంటారు. అలా లేదు. దూరపు గురి పోటీల్లో తలపండినవాళ్లు చాలామంది ఇంట్లో తూచి, గొట్టాల్లో నింపుకుని వస్తారు.

తూచేవాళ్ల మాట ఇది. కొలత చేతిని బట్టి మారుతుంది. పాత్రను తడితే మందు కుదురుకుని ఇంకాస్త పడుతుంది. తట్టకపోతే తక్కువ. పైన గోపురంగా వదిలితే ఒకటి, అంచుతో గీసేస్తే ఇంకొకటి. పరిషెలో శనక్కాయల ఆమెతో జనం పెట్టుకునే పేచీ మొత్తం దీని మీదే కదా. కె.ఆర్. మార్కెట్‌లో కిలో లెక్కన తూచిన మల్లెపూలు మన వీధి మలుపులో మూర లెక్కన వస్తాయి, ఆ మూర ఎవరి చేతిదన్నది పూలావిడ ఇష్టం. పైగా మందు బ్రాండును బట్టి చిక్కదనం మారుతుంది. స్విట్జర్లాండ్‌లో తయారయ్యే స్విస్ పౌడర్ కాస్త బరువైనది, అదే గీత దాకా పోసినా ఎక్కువ గ్రెయిన్లు పడతాయి. త్రాసుకు ఈ వేషాలేవీ తెలియవు.

కొలిచేవాళ్ల మాట కూడా కొట్టిపారేసేది కాదు. తూకం తేమను కూడా తూస్తుంది. చెమ్మ పీల్చిన మందు బరువెక్కుతుంది కాని బలం పెరగదు, తగ్గుతుంది. పచ్చి శనక్కాయల సంచి బరువులో కొంత నీళ్లే అయినట్టు. పాతవాళ్లు మందు తడవకుండా ఎంత తాపత్రయపడ్డారో చూడాలంటే శ్రీరంగపట్నం పోతే చాలు. అక్కడ టిప్పు కాలపు మందుగుండు కొట్టు ఒకటి మందపాటి గోడలతో నిలబడి ఉంది. రెండో రైలు పట్టాలకు అడ్డొచ్చిందని 2017లో ఆ కట్టడాన్ని కూలగొట్టకుండా మొత్తంగా లేపి, దాదాపు 100 మీటర్లు పక్కకు జరిపారు. మైసూరు రైలెక్కిన బెంగళూరు వాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

కొలిచేవాళ్ల రెండో మాట ఇంకా బలమైనది. బదులు మందుల్లో చాలావాటిని కొలత కోసమే తయారుచేశారు, సూచనలన్నీ కొలతలోనే ఉన్నాయి. అలాంటప్పుడు తూకంలోకి మార్చడమంటే ఉన్న లెక్కకు ఇంకో మెట్టు చేర్చడం. మెట్టు పెరిగితే కాలు జారే చోటు కూడా పెరుగుతుంది.

నాకు నచ్చినది మధ్యలో నిలబడేవాళ్ల పద్ధతి. వాళ్లు త్రాసుతో మందును కాదు, తమ చేతిని పరీక్షించుకుంటారు. ఒకే గీత దాకా, ఒకే తీరున పదిసార్లు కొలిచి, పదింటినీ తూచి చూస్తారు. ఉదాహరణకు పది తూకాలూ 69 నుంచి 71 మధ్య పడ్డాయనుకోండి, చెయ్యి కుదిరినట్టు. 66 ఒకసారి, 74 ఒకసారి వస్తే చెయ్యి ఇంకా కుదరలేదు, లేదా పాత్ర వదులైంది. ఆ తరువాత రోజూ కొలతే. తూకం వాళ్లకు సాక్షి, యజమాని కాదు. అయితే 200 మీటర్ల అవతల పోటీకి వెళ్లేవాడికి ఈ మాట చెల్లదు. అతనికి ఆ ఒక్క గ్రెయిను తేడా కూడా వద్దు, తూచుకోవడమే సబబు.

పొగలేని మందు ఈ లెక్కలోకే రాదు

ఇప్పటి తూటాల్లో ఉండే మందు వేరు, పొగ దాదాపు రాదు. దాన్ని ఎప్పుడూ తూకంతోనే చెబుతారు. చిన్న తూటాల్లో గ్రెయినులో పదో వంతు తేడా కూడా లెక్కకొస్తుంది. దాని ఒత్తిడి లేచే తీరు బ్లాక్ పౌడర్‌తో పోల్చదగ్గది కాదు. అందుకే మామూలు మజిల్ లోడర్‌లో దాన్ని పొయ్యకూడదన్నది చాలామంది తయారీదారులు తుపాకి మీదే చెక్కించే హెచ్చరిక. కొద్ది తుపాకులు మాత్రం, శావేజ్ 10ఎంఎల్ లాంటివి, దానికోసమే ప్రత్యేకంగా తయారయ్యాయి. అవి మినహాయింపులు. "కొలతా, తూకమా" అన్న చర్చలో ఎవరైనా పొగలేని మందును ఉదాహరణగా తెస్తే, వాళ్లు వేరే ఊరి పంచాయితీ ఇక్కడికి తెచ్చినట్టే.

మన దగ్గరైతే ఇదంతా చాలామందికి చదువుకునే విషయమే. 1959 ఆయుధాల చట్టం కింద మజిల్ లోడర్‌కు కూడా లైసెన్సు కావాలి. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివాళ్లకు కొన్ని రకాల తుపాకుల విషయంలో పాతకాలం నుంచి వస్తున్న మినహాయింపు ఉంది. సెప్టెంబరులో కైల్‌పొళ్దు పండగ నాడు వాళ్లు తుపాకులకు పూజ చేసి, గొట్టం మూతిలో అగ్నిశిఖ పువ్వు పెడతారు. ఆ పువ్వుకు వాళ్ల భాషలో తుపాకి పువ్వనే పేరు.

పరిషె నుంచి ఇల్లు చేరాక మావాడికి మళ్లీ ఫోన్ కలిసింది. శనక్కాయల కథ చెప్పి, డబ్బా మీద ఉన్న పట్టిక ఫోటో పంపమన్నాను. అందులో రెండు వరుసలు స్పష్టంగా ఉన్నాయి, ఒకటి కొలత, ఒకటి తూకం. వాడు మొదటి వరుస మాత్రమే చూశాడట. రెండోది ధర కోడ్ అనుకున్నాడట.

"అయితే ఈ మాత్రలు?" అన్నాడు. మందును ముందే బిళ్లలుగా అచ్చుపోసి అమ్ముతారు, ఒక్కోటి 50 అని రాసి ఉంటుంది. రెండు వేస్తే 100. అవి కూడా కొలత లెక్కే, పేరు మాత్రం గ్రెయిన్లు. త్రాసు మీద పెట్టి చూడమన్నాను. నిమిషం ఆగి, "50 లేదు" అన్నాడు. ఈసారి ఇంకొంచెం కలపాలా అని అడగలేదు.